బోల్టులు కలిశాయి... మరి హబ్బు?

అల్లాయ్ వీల్స్ కొనేటప్పుడు మనోళ్లు అడిగే ప్రశ్నలు మూడే. ఎన్ని బోల్టులు? ఎన్ని ఇంచులు? రేటెంత? మామూలు కారుకైతే ఈ మూడుతో చాలావరకు పని అయిపోతుంది. ఫోర్ బై ఫోర్ దగ్గరకొచ్చేసరికి నాలుగో ప్రశ్న ఒకటుంటుంది. అది అడక్కపోతే కొత్త చక్రం సగం దూరం వెళ్లి ఆగిపోతుంది. లేదంటే ఇంకా ఘోరం, ఎక్కినట్టే కనిపిస్తుంది. ఆ ప్రశ్న ఏంటంటే: మధ్యలో రంధ్రం ఎంత?

ఈ వారం దీని మీద రాయడానికి కారణం మా బాబాయి కొడుకు. విజయవాడలో ఉంటాడు. పాతికేళ్లు నిండకముందే సెకండ్ హ్యాండ్ జిప్సీ కొన్నాడు. పెయింట్ వేయించాడు, సీట్లు మార్చాడు, ఇక మిగిలింది చక్రాలు. నల్ల రంగు, ఆరు స్పోకులు, చూడగానే రీల్ తీయాలనిపించే రిమ్ములు. షాపు వాళ్లు చెప్పిన లెక్క కూడా సరిగ్గానే ఉంది: 15 ఇంచులు, 5 బోల్టులు, పీసీడీ 139.7. వచ్చే ఆదివారం వాళ్లమ్మని, అంటే మా పిన్నిని, ఇంకో ముగ్గుర్ని ఎక్కించుకుని మారేడుమిల్లి ఘాట్ వెళ్లాలని ప్లాను.

టైర్లు ఎక్కించకముందు ఒట్టి రిమ్ము ఒకటి బండికి పెట్టి చూడమని వాడికి ముందే చెప్పి ఉన్నాను. ఆ ఒక్క మాటా విన్నాడు, సంతోషం. వెనక చక్రం దగ్గర పేచీ లేదు. ముందు చక్రం దగ్గర రిమ్ము హబ్బు మీదుగా జారి, ఇంకొంచెం ఉందనగా ఆగింది. షాపులో పెద్దాయన, "ఏం కాదు బాబూ, నట్లు బిగిస్తే అదే లోపలికి లాక్కుంటుంది" అన్నాడట. మావాడికి ఎందుకో డౌటొచ్చి నాకు వీడియో కాల్ చేశాడు. "అన్నయ్యా, కూర్చుంది కదా, చూడు" అంటూ ముందు నుంచి చూపిస్తున్నాడు. ముందు నుంచి చూస్తే ఎవడికైనా కూర్చున్నట్టే ఉంటుంది. "ఫోన్ నాకివ్వక్కర్లేదు గానీ, ఇంకో ఫోన్లో టార్చ్ వేసి చక్రం వెనక్కి పట్టుకోరా" అన్నాను. రిమ్ముకీ బ్రేక్ డిస్కుకీ మధ్య నుంచి వెలుతురు సన్నటి గీతలా బయటికొచ్చింది. మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు.

ఆ సందు ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే హబ్బు గురించి కాస్త చెప్పుకోవాలి.

మామూలు కారులో చక్రం కూర్చునే చోట మధ్యలో చిన్న బొడిపె మాత్రమే ఉంటుంది. స్విఫ్ట్‌కి మధ్య రంధ్రం 54.1 మి.మీ., క్రెటాకి 67.1. అంతే. జిప్సీ లాంటి బండి ముందు భాగం అలా ఉండదు. అక్కడ అడ్డంగా ఒకే దూలంలా ఉండే యాక్సిల్ ఉంటుంది. దాని చివర బోలుగా ఉండే గొట్టం లాంటి స్టబ్, దాని మీద రెండు బేరింగులు, వాటి మీద హబ్బు తిరుగుతుంది. ఇంజిన్ నుంచి శక్తిని తెచ్చే షాఫ్ట్ ఆ గొట్టం లోపల్నుంచి బయటిదాకా వస్తుంది. షాఫ్ట్‌నీ హబ్బునీ కలిపే ముక్క హబ్బు బయటి ముఖానికి బోల్టులతో బిగించి ఉంటుంది. కొన్ని బళ్లలో అది ఒట్టి ఫ్లాంజ్. కొన్నిట్లో ఫ్రీ, లాక్ అని రాసి చేత్తో తిప్పే డయల్ ఉన్న ఫ్రీ వీల్ హబ్. ఫ్రీలో పెడితే చక్రం షాఫ్ట్‌ని తిప్పకుండా తనొక్కటే తిరుగుతుంది. లాక్‌లో పెడితేనే ముందు చక్రాలకు శక్తి అందుతుంది.

అంటే చక్రం ఆనుకునే ముఖం దాటి కూడా హబ్బు బయటికి చాలా దూరం పొడుచుకొస్తుంది. అది అలంకారం కాదు, బండిని బురదలోంచి లాగేది అదే. అందుకే ఈ బళ్లకు కంపెనీ ఇచ్చే రిమ్ముల మధ్యలో గిన్నె పట్టేంత రంధ్రం ఉంటుంది. జిప్సీకైనా, 2023లో మన దగ్గరకొచ్చిన జిమ్నీకైనా ఆ కొలత 108 మి.మీ. ఫార్చ్యూనర్‌కి 106.1. దీన్నే సెంటర్ బోర్ అంటారు.

ఇప్పుడు అసలు తిరకాసు. పీసీడీ ఒకటే అయినంత మాత్రాన బోర్ ఒకటే కాదు. 139.7 అనేది పాత విల్లీస్ జీపుల కాలం నుంచీ ఉన్న కొలత, అయిదున్నర ఇంచులు. ఆ తర్వాత దాన్ని ఎవరికి కావాల్సినట్టు వాళ్లు వాడుకున్నారు. అమెరికాలో చాలా ఏళ్లు రామ్ 1500 పికప్‌కి కూడా 5 బోల్టులు, 139.7 పీసీడీయే. కానీ దాని బోర్ 77.8. ఆ బండిని దృష్టిలో పెట్టుకుని చేసిన డిజైన్ రిమ్ము మన జిప్సీ బోల్టులకు చక్కగా సరిపోతుంది, హబ్బు దగ్గర మాత్రం తల కూడా దూరదు. ఇలాంటి తేడా పెద్దది కాబట్టి దాంతో ప్రమాదం లేదు. వెంటనే తెలిసిపోతుంది, వెనక్కిచ్చేస్తాం. ప్రమాదమల్లా చిన్న తేడాతోనే. మావాడి రిమ్ముని వెర్నియర్ పెట్టి కొలిస్తే 106 వచ్చింది. హబ్బు మొదట్లో 108కి వెంట్రుకవాసి తక్కువ. ఫ్రీ వీల్ భాగం సన్నగా ఉంటుంది కాబట్టి రిమ్ము దాన్ని దాటి వెళ్లిపోయింది. అడుగున లావుగా ఉండే భుజం దగ్గర ఆగింది. కేవలం 2 మిల్లీమీటర్లు!

"రెండు మిల్లీమీటర్లే కదా అన్నయ్యా" అన్నాడు వాడు. దుకాణం వాడూ అదే అన్నాడు.

ఆ రెండు మిల్లీమీటర్లతో బిగిస్తే ఏమవుతుందో చూద్దాం. చక్రం నిలబడేది నట్ల బలంతో కాదు, నట్లు రిమ్ముని డిస్కుకేసి నొక్కిపట్టే ఒత్తిడితో. రెండు చదునైన ముఖాలు పూర్తిగా ఆనుకుంటే వాటి మధ్య రాపిడే బరువంతా మోస్తుంది. స్టడ్లు కేవలం లాగిపట్టి ఉంటాయి. అదే మధ్యలో సందు ఉంటే? రిమ్ము హబ్బు భుజం మీద వేలాడుతుంది. నట్లు బిగించేకొద్దీ అల్యూమినియం వంగుతుంది. స్పానర్ టైట్ అయినట్టే చెప్తుంది, ఎందుకంటే దానికి కనిపించేది నట్టు బిగువు ఒక్కటే. నాలుగు గతుకులు తగలగానే రిమ్ము ఓ వెంట్రుక లోపలికి దిగుతుంది. దాంతో నట్ల బిగువు పోతుంది. ఇక అక్కడ్నుంచి ప్రతి చుట్టూ స్టడ్లను ఇటూ అటూ వంచుతూనే ఉంటుంది. పేపర్ క్లిప్పుని పదిసార్లు వంచితే తెగినట్టు ఒక స్టడ్ తెగుతుంది, తర్వాత దాని పక్కది. ఇదంతా ఘాట్ రోడ్డు మీద, దిగేటప్పుడు, బండిలో పిన్ని ఉండగా.

ఇదంతా చెప్పాక వాడు రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న, మీరూ అడిగేదే: "మరి లేత్ మీద పెట్టి కోయిస్తే?"

ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. ఆటోనగర్‌లో లేత్‌లకేం కొదవ లేదు. కానీ కోయాలా వద్దా అన్నది ముందు కాగితం మీద తేలాలి. పీసీడీ 139.7 అంటే మధ్య బిందువు నుంచి బోల్టు రంధ్రం నడిమి దాకా 69.85 మి.మీ. రంధ్రం వెడల్పు 14 అనుకుంటే దాని లోపలి అంచు 62.85 దగ్గరుంటుంది. బోర్‌ని 108 చేస్తే దాని అంచు 54 దగ్గరకొస్తుంది. మధ్యలో మిగిలే లోహం 9 మిల్లీమీటర్ల లోపు. నట్టు కూర్చునే కోన్ ఇంకా వెడల్పు, 24 ఉంటుందనుకోండి, అక్కడ 4 మిల్లీమీటర్లు కూడా మిగలదు. కంపెనీ రిమ్ములకూ ఇంచుమించు ఇదే లెక్క, కాకపోతే వాళ్లు దానికి తగ్గ మందం, ఆకారం ముందే చూసుకుని పోత పోస్తారు. (ఈ లెక్కలోనే ఇంకో సంగతి తేలుతుంది. 114.3 పీసీడీ రిమ్ముకి 108 బోర్ కొడితే బోల్టు రంధ్రాలే కోతలో పోతాయి. అడాప్టర్ లేకుండా క్రెటా అల్లాయ్స్ జిప్సీకి వేశానని ఎవరైనా అంటే నవ్వేయండి.)

మావాడు రిమ్ము తీసుకుని లేత్ మేస్త్రి దగ్గరకెళ్లాడు. ఆయన రిమ్ముని బోర్లా తిప్పి, వెనకవైపు బరువు తగ్గించడానికి వదిలిన గుంటలు చూపించాడట. అవి సరిగ్గా బోర్ అంచు దాకా వచ్చి ఉన్నాయి. "కోస్తాను బాబూ, డబ్బులూ తీసుకుంటాను. కానీ ఇక్కడ కోస్తే గుంటలోకి తెరుచుకుంటుంది. తర్వాత నన్నడక్కు" అన్నాడు. ఆ ముక్క చెప్పడం ఆయన మంచితనం, అందరూ చెప్పరు.

నా అభిప్రాయం అడిగితే, ఒక్కో పక్క ఒక మిల్లీమీటరు, వెనక గుంటలు దూరంగా ఉన్న రిమ్ము, డయల్ గేజ్ పెట్టి నడిమి సరిచూసి కోసే మేస్త్రి, ఈ మూడూ ఉంటే ఒప్పుకుంటాను. అప్పుడు కూడా వారంటీ మీద ఆశ వదులుకోవాలి. 78 రిమ్ముని 108 చేస్తానంటే మాత్రం దండం పెట్టి బయటికొచ్చేయండి. ఇక చేతి గ్రైండర్ అనే మాట వినిపిస్తే దండం కూడా అక్కర్లేదు. గ్రైండర్‌తో గుండ్రం రాదు, నడిమి రాదు. ఆ చక్రాన్ని ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా స్టీరింగ్ వణుకుతూనే ఉంటుంది.

ఇంకో తెలివైన సలహా కూడా వినపడుతుంటుంది. రిమ్ము కోయకూడదు కాబట్టి హబ్బునే కాస్త అరగదీద్దాం అని. హబ్బు లోపల బేరింగులు, వాటి గ్రీజు, నీళ్లు రాకుండా సీళ్లు ఉంటాయి. వేల రూపాయల రిమ్ము కోసం బండి ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఏం లెక్కో నాకర్థం కాదు.

స్పేసర్ల సంగతి కొంచెం వేరు. వాటిని పూర్తిగా తిట్టలేను. డిస్కుకి బిగించి, దాని మీద మళ్లీ చక్రం బిగించే రకం స్పేసర్, హబ్బు కొలతకు కరెక్టుగా తయారైందైతే, పొడుచుకొచ్చిన హబ్బులో కొంత భాగాన్ని తన మందంలో దాచేస్తుంది. కానీ రెండు విషయాలు చూడాలి. ఒకటి, స్పేసర్ మందం కంటే పాత స్టడ్లు పొడవుంటే వాటి కొనలు రిమ్ము వెనక భాగానికి గుద్దుకుంటాయి. అంటే మళ్లీ అదే సందు, అదే కథ. రెండు, స్పేసర్‌ని పట్టి ఉంచే నట్లు చక్రం వెనక దాక్కుంటాయి. అవి లూజయ్యాయో లేదో చూడాలంటే చక్రం విప్పాల్సిందే. నెలకోసారి చక్రం విప్పే ఓపిక ఎంతమందికి ఉంటుంది? ఇక వాషర్ లాగా పల్చగా ఉండి ఊరికే మధ్యలో తొడిగే రకం ఉంటుంది చూడండి, అది నట్టు పట్టుకోవాల్సిన మరను తినేస్తుంది. దాని జోలికి పోవద్దు.

మర అన్నాను కాబట్టి నట్ల గురించి. సుజుకీ బళ్లకు ఎం12 స్టడ్, మర 1.25. టయోటా, హ్యుందాయ్‌లకు అదే ఎం12, కానీ 1.5. రెండూ చూడ్డానికి కవలపిల్లలే. ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. ఎయిర్ గన్‌తో కొడితే స్టడ్ మర మొత్తం పోతుంది. అందుకే మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిప్పాలి, తిరగకపోతే అక్కడే ఆపాలి. నట్టు ఎంత లోతుకి పట్టాలంటే కనీసం స్టడ్ వ్యాసమంత, అంటే 12 మి.మీ. ఒక్కో చుట్టుకి 1.25 చొప్పున దాదాపు పది చుట్లు. అల్లాయ్ రిమ్ము పళ్లెం స్టీలు దానికంటే మందం కాబట్టి ఇది లెక్కపెట్టుకోవడం మంచిది. ఐదారు చుట్లకే బిగిసిపోతే ఆ రిమ్ముకి పొడవు స్టడ్లో, లోపలికి దిగే రకం నట్లో కావాలి. నట్టు కూర్చునే ఆకారం కూడా కలవాలి. కోన్ రంధ్రంలో గుండ్రటి అంచు నట్టు పెడితే సన్నటి గీత మీదే ఆనుతుంది.

పాత విల్లీస్ జీపులున్న వాళ్లకో మాట. వాటిల్లో కొన్నిటికి ఎడమవైపు చక్రాల నట్లు రివర్స్ మర. తెలియక బలం కొద్దీ విప్పబోయి స్టడ్లు తెంచిన మెకానిక్కులున్నారు.

మరి పొడుచుకొచ్చిన హబ్బు బయటికి ఎంత కనబడుతుంది? ఇది ఆఫ్‌సెట్ మీద ఆధారపడుతుంది. రిమ్ము వెడల్పుకి సరిగ్గా నడుమ ఉండే గీత నుంచి, డిస్కుకి ఆనుకునే ముఖం బయటివైపుంటే ప్లస్, లోపలివైపుంటే మైనస్. ప్లస్ ఎక్కువైతే హబ్బు రిమ్ము ముఖం దాటి ముక్కులా బయటికొస్తుంది. మైనస్ అయితే లోతైన గిన్నెలో దాక్కుంటుంది. ఆఫ్ రోడ్ బళ్ల ఫొటోల్లో కనిపించే ఆ లోతు రిమ్ముల అందం అదే.

అందం ఊరికే రాదు. జిమ్నీ లెక్క చెప్తాను. కంపెనీ రిమ్ము వెడల్పు 5.5 ఇంచులు, ఆఫ్‌సెట్ ప్లస్ 5. దాని చోట 7 ఇంచులు, ఆఫ్‌సెట్ సున్నా ఉన్నది వేస్తే చక్రం బయటి అంచు 24 మి.మీ. బయటికి, లోపలి అంచు 14 మి.మీ. లోపలికి జరుగుతాయి. బయటికి జరిగిన కొద్దీ బేరింగు మీద మోపే బరువు పెరుగుతుంది, గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతిలోంచి లాక్కుంటుంది, బురద నేరుగా డోర్ల మీదికి వస్తుంది. లోపలికి జరిగిన 14 మి.మీ. సంగతి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే తెలుస్తుంది. టైరు దేనికైనా రాసుకుంటోందేమో రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. టైరు బాడీ దాటి బయటికొస్తే పోలీసోళ్లు ఆపుతారు. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించే.

డయల్ ఉన్న హబ్బయితే ఇంకో పరీక్ష. రిమ్ము పెట్టాక చెయ్యి పెట్టి డయల్‌ని ఫ్రీ నుంచి లాక్‌కి తిప్పి చూడండి. లోతు ఎక్కువై, బోర్ ఇరుగ్గా ఉంటే వేళ్లు తిరగవు. మోకాలి లోతు బురదలో, చేతికి గ్రీజు అంటుకుని ఉన్నప్పుడు అది మరీ కష్టం.

తిరిగి మావాడి దగ్గరకొద్దాం. టైర్లు ఎక్కించలేదు కాబట్టి రిమ్ముల మీద గీత కూడా పడలేదు. షాపు వాళ్లు కాసేపు గొణిగి మార్చి ఇచ్చారు. ఇచ్చింది 110 బోర్ ఉన్న రకం. హబ్బు కంటే రెండు మిల్లీమీటర్లు ఎక్కువే, అది పర్వాలేదు. కోన్ నట్లు చక్రాన్ని నడిమికి తెస్తాయి. కాకపోతే బండి జాకీ మీద ఉండగానే నట్లన్నీ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి, కిందికి దించాక టార్క్ రెంచ్‌తో ముగించాలి. ఎంత బిగించాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. జిమ్నీకైతే 100 న్యూటన్ మీటర్లు. స్టడ్లకు ఆయిల్ పూయొద్దు, పూస్తే అదే టార్క్‌కి స్టడ్ మీద లాగుడు బాగా పెరిగిపోతుంది.

బిగించే ముందు మావాడితో సుద్దముక్క పరీక్ష చేయించాను. డిస్కు మీద చక్రం ఆనుకునే చోట సుద్ద బాగా రుద్ది, రిమ్ము పెట్టి, నట్లు చేతి బిగువు చేసి, మళ్లీ విప్పాలి. రిమ్ము వెనక సుద్ద ముద్ర చుట్టూ సమానంగా పడితే ముఖాలు కలిసినట్టు. ఒకవైపే పడితే ఏదో అడ్డుకుంటోంది. పాత తుప్పు పొర కూడా కావొచ్చు, వైర్ బ్రష్‌తో గీకేయాలి. ఈసారి ముద్ర బొట్టు పెట్టినంత చక్కగా వచ్చింది. ఆ ఫొటో నాకు పంపి, కింద ఏడుపు ముఖం బొమ్మ పెట్టాడు. ఎందుకంటే ఈ రిమ్ములకు స్పోకులు ఎనిమిది, నల్ల రంగు కూడా కాదు, బూడిద రంగు.

పైగా సెంటర్ క్యాప్ పట్టలేదు. రిమ్ముతో వచ్చిన చదును క్యాప్ హబ్బుకి తగిలి బయటికి తన్నేస్తోంది. వెనక చక్రాలకు చక్కగా పట్టింది, ముందు పట్టలేదు. ఇది ఈ బళ్లకు మామూలే. జిమ్నీలకు కూడా ముందు హబ్బుల కోసం ఎత్తు క్యాపులు విడిగా దొరుకుతాయి. డయల్ హబ్బుకైతే మధ్యలో తెరిచి ఉండే రింగు చాలు. క్యాప్ లేకపోతే నీళ్లు వెళ్తాయేమోనని కంగారొద్దు. ఫ్రీ వీల్ హబ్‌కి లోపల దాని గ్యాస్కెట్ దానికుంటుంది, అది బాగుందో లేదో చూసుకుంటే సరి. క్యాప్‌ని గమ్‌తో అతికించే వాళ్లున్నారు. మారేడుమిల్లి దాకా అక్కర్లేదు, బెంజ్ సర్కిల్ దాటకముందే ఎగిరి పక్క బైకు వాడికి తగులుతుంది.

ఆదివారం బయల్దేరారు. రాజమండ్రి దగ్గర టిఫిన్‌కి ఆపినప్పుడు నట్లన్నీ ఇంకోసారి చూడమన్నాను. కొత్త రిమ్ములు వేశాక తొలి 50 నుంచి 100 కిలోమీటర్లలోపు ఒకసారి చూడాలి, వీడు ఆ లెక్క ఎప్పుడో దాటేశాడు. ఒక నట్టు పావు చుట్టు తిరిగిందట, మిగతావి కదల్లేదు. చింతూరు వైపు ఘాట్‌లో తీసిన వీడియోలో చక్రాల కంటే పిన్నే ఎక్కువ కనిపించింది.

ఇంకొక్కటి, స్టెప్నీ. వెనక తగిలించి ఉన్నది పాత స్టీలు రిమ్మే కదా. కొత్త రిమ్ములకు వేరే నట్లు కొన్నవాళ్లు పాతవి పాత సామాన్లవాడికి వేసేయకండి. పాత నట్లు ఐదు ఓ కవర్లో కట్టి జాకీ పక్కన పెట్టండి. అల్లాయ్ నట్టు స్టీలు రిమ్ములో సరిగ్గా కూర్చోకపోవచ్చు, ఆ సంగతి రాత్రి పది గంటలకు, సిగ్నల్ లేని చోట, పంక్చర్ పడ్డాక తెలుసుకోవాల్సిన విషయం కాదు.